ఇంటికి పాట తెచ్చుకొనుట

ఇంటికి వలయు వస్తువులను ఏరి కొనుటలో మన స్త్రీలకు గల నేర్పు సామాన్యమైనది కాదు. జొన్నలు కొనునప్పుడు గుప్పెడు తీసి, అరచేతిలో ఊది, పుచ్చుగింజ యున్నదేమో చూచి గాని మూట కట్టనీయరు. ప్రొద్దుటూరి అంగళ్ళలో బంగారము కొనునప్పుడు వన్నె యెంత, తరుగెంత, కూలి యెంత యని అడుగక డబ్బు తీయరు. చీర కొనునప్పుడు అంచు తిరుగవైచి నేత చూతురు. పాట కొనునప్పుడు మాత్రము ఈ నేర్పంతయు ఏమగునో తెలియదు. అట్టమీది బొమ్మ బాగున్నదనియో, పక్కయింటివారు తెచ్చుకొన్నారనియో, అంగడివాడు మంచిదన్నాడనియో కొనివేయుదురు. పాట తినునది కాదు, కట్టునది కాదు, దాని కింత విచారణ యేల యని కాబోలు.

మా యభిప్రాయము వేరు. జొన్నలు నెలకు తీరును. చీర నాలుగేండ్లకు చిరుగును. చిన్నతనమున ఇంటిలో విన్న పాట మాత్రము బిడ్డ నోట ఏబదియేండ్లు నిలుచును. ఆ పాటలోని మాట తప్పయినచో ఆ తప్పును ఏబదియేండ్లుండును. కావున పాట యెంపిక గృహిణి చేయవలసిన పనులలో చిన్నది కాదు. కర్నూలు, కడప ప్రాంతముల గృహములకు పాట యెట్లు వచ్చినదో, ఇప్పుడు కొనదలచినవారు ఏమేమి చూచుకొనవలెనో మాకు తోచినంతవరకు ఇందు వివరింపదలచినాము.

పాట ఇంటిలోనికి వచ్చిన విధము

మన దేశమున గ్రామఫోను రికార్డులకై పాటలు పట్టుట 1902లో కలకత్తాలో ఆరంభమైనది. అప్పుడు పాడినవారిలో మిక్కిలి ప్రసిద్ధురాలు గౌహర్ జాన్ అను గాయని. పాట ముగియగనే ఆమె తన పేరు తానే చెప్పెడిది. ఇందులో గొప్ప చెప్పుకొనుట యేమియు లేదు. ఆనాటి రికార్డులు జర్మనీ దేశమున హనోవరు పట్టణములో అచ్చగుచుండెను. మన భాష తెలియని అక్కడి పనివారు ఏ పలక యెవరిదో గుర్తించి చీటీ అంటించుటకు ఆ మాటయే ఆధారము. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసిన పిమ్మట ఆ యవసరము తప్పినది. పాడినవారి పేరు పాటతోడనే యుండవలెనను నియమము మాత్రము నాటినుండియు మంచిదే. దీనిని మరల ప్రస్తావింతుము.

ఆ రికార్డులు లక్కతో చేసినవి. జారవిడిచినచో గాజువలె పగులును. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల పలకపై ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. సభలో అరగంట సాగు కీర్తనను మూడు నిమిషములకు కుదించి పాడవలసి వచ్చెడిది. అందువలన గాయకులు ఆలాపనను కురుచ చేసి, సాహిత్యమును ముందునకు తెచ్చిరి. ఇంటిలో విని నేర్చుకొను ఆడుపిల్లల కది యొక విధమున మేలే యయ్యెను. మాట స్పష్టముగా వినబడెడిది; మరల మరల పెట్టుకొని వినుటకు వీలుండెడిది.

చెన్నపట్టణమునుండి బొంబాయికి పోవు రైలుదారి కడపమీదుగా పోవును. చెన్నపట్టణపు సభలు మనకు దూరమైనను, అచ్చటి కంఠములు పెట్టెలలో మన ఊళ్ళకు చేరుటకు దారి యుండెను. స్త్రీలు సభలకు పోయి కూర్చుండి వినుట అరుదైన ఆ దినములలో ఈ పలకలు వారికి చేసిన ఉపకారము ఇంతంత యనరానిది. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి మొదటి రికార్డు 1926లో వెలువడినప్పుడు ఆమెకు పదేండ్లు. పదేండ్ల ఆడుపిల్ల పాట బాకాగుండ వినబడుట మన యింటి పిల్లలకు ఎంత ధైర్యము నిచ్చియుండునో ఊహింపవచ్చును. అయినను ఒక మాట చెప్పక తప్పదు. చాల గృహములలో రికార్డులు కొనువారు మగవారు, వినువారు ఆడువారు. నాటకపు పద్యములు వచ్చినను, జావళీలు వచ్చినను, భక్తికీర్తనలు వచ్చినను, ఏరినది వారే. వచ్చినదానిని వినుటయే మన వంతు.

పిమ్మట చలనచిత్రము వచ్చినది. ఈ కళలో రాయలసీమవారి చేయి పెద్దది. 1908లో పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెలో జన్మించిన బి. ఎన్. రెడ్డిగారు 1951లో ‘మల్లీశ్వరి’ తీసినారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటకు సాలూరి రాజేశ్వరరావుగారు స్వరము కట్టగా, ఘంటసాల, భానుమతి పాడిన ఆ పాటలు నేటికిని వాడలేదు. ఆ చిత్రపు పాటలు వరుసగా వినినచో, కవి, స్వరకర్త, గాయకులు ముగ్గురును సమానముగా శ్రమపడిన చోట పాట యెట్లు నిలుచునో తెలియును. మంచి ఆల్బమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము వెదకనక్కరలేదు.

1963వ సంవత్సరము మన యిండ్లకు విశేషమైనది. ఆ యేడే కడపలో ఆకాశవాణి కేంద్రము నెలకొన్నది. ఆ యేడే సుబ్బులక్ష్మిగారి ‘వేంకటేశ్వర సుప్రభాతము’ దీర్ఘకాలపు రికార్డుగా వెలువడినది. ఇట్టి రికార్డు నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు కొంచె మెక్కువగా తిరుగుచు, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాట నిచ్చును. ఆ యేడే ఐరోపాలో ఫిలిప్స్ కంపెనీవారు టేపు క్యాసెట్టును లోకమునకు చూపిరి. అది మన అంగళ్ళలో చౌకగా దొరకుటకు 1980 దశకము రావలసి వచ్చినది. క్యాసెట్టు వచ్చిన పిమ్మటనే పాట కొనుట నిజముగా ఇల్లాలి చేతికి వచ్చినదని మా తలంపు. దానికి కీ ఇచ్చుట లేదు, ముల్లు మార్చుట లేదు. వంటయింటి గూటిలో ఇమిడిపోవును. సంతకు పోయినప్పుడు కూరగాయల సంచిలో వేసికొని రావచ్చును.

రాగిరేకులనుండి వచ్చిన పాట

ఇక మన సీమ గృహములలో ఎక్కువగా కొనబడు పాట యేది యని యడిగినచో తాళ్ళపాక అన్నమాచార్యుల పాట యని చెప్పవలెను. ఆయన 1408లో రాజంపేటకు చేరువనున్న తాళ్ళపాకలో పుట్టి, 1503లో పరమపదించినట్లు పెద్దలు నిర్ణయించినారు. ఆయన భార్య తిమ్మక్క ‘సుభద్రాకల్యాణము’ రచించి, తెలుగున తొలి కవయిత్రిగా పేరొందినది. ముప్పదిరెండువేల సంకీర్తనలు ఆయన పాడెనని ఆయన మనుమడు చెప్పినాడు. వానిలో రాగిరేకులపై చెక్కబడి నేటికి నిలిచినవి పండ్రెండువేలకు పైబడియున్నవి. ఆ రేకులు తిరుమల ఆలయములోని చిన్న రాతిగదిలో శతాబ్దములు మరుగుపడియుండి, 1922 ప్రాంతమున వెలికివచ్చినవి.

ఇక్కడనే కొనువారు తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మున్నది. ఆ రేకులపై పాటయు, దాని రాగము పేరును గలవు, స్వరములు లేవు. అన్నమయ్య ఏ వరుసలో పాడెనో చెప్పగల ఆధారము రేకులలో లేదు. బౌళి, పాడి, సామంతము, దేశాక్షి యని రాగనామము లున్నను, అందు కొన్ని నేడు పాడుకలో లేవు; కొన్ని మారిపోయినవి. అందుచేత నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటలో మాట పదునైదవ శతాబ్దమునాటిది; వరుస ఇరువదవ శతాబ్దమునాటిది. ఇది లోపము కాదు. వరుస కట్టినవారికి మనము ఋణపడియున్నామని మాత్రము తెలిసియుండవలెను.

ఆ వరుసలు కట్టినవారిలో ముందు తలచుకొనవలసినవారు మన సీమ పండితులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురము జిల్లా రాళ్ళపల్లిలో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించిరి. పిమ్మట తిరుపతికి వచ్చి, రేకులలోని పాటలను పరిష్కరించుటయే గాక నూటికి పైగా కీర్తనలకు స్వరములు కూర్చిరి. కవిత్వము తెలిసినవారును, సంగీతము తెలిసినవారును వేరువేరుగా దొరకుదురు. రెండును ఒక్కచోట నున్నవారు శర్మగారు. అందుచేత వారి వరుసలో మాట విరుగదు. వారు 1979లో పరమపదించిరి.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొల్పిరి. ఆ దరిదాపులనే సుబ్బులక్ష్మిగారు ‘బాలాజీ పంచరత్నమాల’ యను పేర అయిదు దీర్ఘకాలపు రికార్డులు పాడిరి. ఆమెకు తెలుగు మాతృభాష కాదు. అయినను ఆ రికార్డులలో ప్రతి యక్షరమును విడివిడిగా తెలిసి పాడినట్లు వినబడును. నేదునూరి కృష్ణమూర్తిగారు, 1927లో జన్మించి 2014లో దివంగతులైనవారు, శాస్త్రీయ పద్ధతిలో అనేక కీర్తనలకు వరుసలు కట్టిరి. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు ఆరువందలకు పైగా కీర్తనలకు స్వరము కూర్చి, ఇంటింట నేర్చుకొనదగినంత సులువుగా పాడి, 2025 మార్చిలో కన్నుమూసిరి. స్త్రీలలో వాయల్పాడున జన్మించిన శోభారాజుగారు 1983లో అన్నమాచార్య భావనావాహిని స్థాపించి, ఎందరో బాలబాలికలకు నేర్పినారు.

కావున ఒకే కీర్తన మూడు ఆల్బములలో మూడు వరుసలలో వినవచ్చును. మన పిల్ల ఒక వరుస నేర్చుకొని పోటీకి పోగా, వేరొక వరుస నేర్చుకొన్న పిల్ల “నీది తప్పు” అనును. ఇద్దరి తల్లులును తగవులాడుకొనుట మేము వినియున్నాము. ఇందులో తప్పొప్పుల ప్రసక్తి లేదు. “ఇది ఫలానావారి వరుస” యని చెప్పగల పిల్ల తల యెత్తుకొని పాడగలదు. అట్లు చెప్పుటకు ఆల్బము కొనిన తల్లికి ఆ పేరు తెలిసియుండవలెను.

అట్టమీద చదువవలసినది

పాట కొనునప్పుడు మూడు ప్రశ్నలు తప్పక వేసికొనవలెనని మా సలహా. మాట యెవరిది? వరుస యెవరిది? గొంతు ఎవరిది?

మాట యెవరిదని యేల యడుగవలెను? 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చలనచిత్రము ఆ మహానుభావుని పేరు చదువురానివారికిని పరిచయము చేసినది. అందు సంగీతము కూర్చిన కీరవాణిగారికి జాతీయ పురస్కారము లభించినది. బాలసుబ్రహ్మణ్యముగారి గానము అందరును మెచ్చినదే. అయితే ఆ చిత్రములోని పాటలన్నియు అన్నమయ్యవి కావు. వేటూరి మొదలైన నేటి కవులు కథకు తగినట్లు వ్రాసినవియు గలవు. అవియు చక్కని పాటలే. కాని రెండును కలిపి అన్నమయ్య కీర్తనలని పిల్లలకు నేర్పినచో ఉభయులకును అన్యాయము చేసినవార మగుదుము. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో వెలసిన పోతులూరి వీరబ్రహ్మముగారి తత్త్వములకును ఇదే సూత్రము వర్తించును. ఆయన పేర అమ్మకమునకు వచ్చు వానిలో పాత తత్త్వము లేవో, ఆయన కథనుగూర్చి క్రొత్తగా వ్రాసిన పాట లేవో అట్టమీద చెప్పినవారిని నమ్మి కొనవచ్చును. ఏమియు చెప్పక ఊరకున్నవారి సరకును అనుమానింపవలెను.

వరుస యెవరిదను సంగతి పైన వ్రాసియే యున్నాము. అట్టమీద స్వరకర్త పేరు లేని ఆల్బముకంటె, పేరు గలది ఎప్పుడును మేలు.

గొంతు ఎవరిదని యడుగుట అన్నిటికంటె అవసరము. క్యాసెట్టుల దినములలో ప్రసిద్ధ చిత్రము బొమ్మ వేసి, పాటలను వేరొకరిచే పాడించి, తక్కువ వెల కమ్మిన కంపెనీలు గలవు. ఆ వేరొకరి పేరు అట్ట వెనుక చీమతలకాయలంత అక్షరములలో నుండెడిది. ఇంటికి వచ్చి పెట్టి విన్న పిమ్మట గాని మోసము తెలియదు. ఆ పాత క్యాసెట్టులనుండి తీసినవే నేడు ఫోనులలోను తిరుగుచున్నవి. కావున పెద్ద బొమ్మను గాక చిన్న అక్షరములను చదువుడు.

ఈ మూడును తెలిసిన పిమ్మట వినిచూచు పని. కొన్ని గుర్తులు చెప్పెదము.

మొదటిది, ఉచ్చారణ. ల, ళలును; న, ణలును; శ, ష, సలును వేరువేరుగా వినబడవలెను. ఒత్తక్షరములు తేలిపోరాదు. పిల్లలు చెవితో నేర్చుకొందురు గనుక గాయకుని తప్పు వారి నోట బరిబత్తెముగా దిగిపోవును.

రెండవది, చరణములు. అన్నమయ్య కీర్తనకు సామాన్యముగా ఒక పల్లవియు, మూడు చరణములు నుండును. వేంకటేశ్వరుని ముద్ర కడపటి చరణమున వచ్చును. కొన్ని ఆల్బములలో కాలము కలిసివచ్చుటకై ఒకటి రెండు చరణములు పాడి విడిచిపెట్టుదురు. ముద్ర వినబడకున్నచో పాట సగములో నిలిచినదని గ్రహింపవచ్చును. ఒక పుస్తకము దగ్గర నుంచుకొని సరిచూచిన ఎంత మాత్రము కష్టము కాదు.

మూడవది, వాద్యముల మోత. తాళములు, తబలాలు, యంత్రవాద్యములు గొంతును మ్రింగివేయు పాట వినుటకు ఉత్సాహముగా నుండునేమో గాని నేర్చుకొనుటకు పనికిరాదు. పొయ్యిదగ్గర పని చేసికొనుచు వినునప్పుడు మాట తెలియుచున్నదా లేదా యని చూచుడు. తెలిసినచో ఆ ఆల్బము ఇంటికి తగినది.

నాలుగవది, పాటల పట్టిక. “ఉత్తమ కీర్తనలు”, “బంగారు కీర్తనలు”, “నిత్యకీర్తనలు” అని పేర్లు మార్చి ఆ పది పాటలనే మరల మరల అమ్ముదురు. క్రొత్తది కొనుటకు ముందు ఇంటిలో నున్నవాని జాబితా యొక కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది. మన సీమవారు ప్రత్యేకముగా వెదకవలసిన పాటలు గలవు. దేవుని కడప వేంకటేశ్వరునిపై, ఒంటిమిట్ట రామునిపై, అహోబిల నరసింహునిపై అన్నమయ్య పాడినవి ఉన్నవి. తిరుమల పాటలంత విరివిగా ఇవి ఆల్బములలో దొరకవు. అడుగువారు లేనిచో పాడువారును తగ్గుదురు. మన ఊరి దేవుని పాటను మనమే అడుగకున్న మరెవ్వ రడుగుదురు?

సొంతమా, అద్దెయా?

నేడు అంగడికి పోయి ఆల్బము కొనువారు తక్కువ. పాట ఫోనులోనే దొరకుచున్నది. నెలకింత యని చెల్లించిన లక్షల పాటలు వినవచ్చును. ప్రకటనలు సహించినచో ఊరకే వినవచ్చును. దీనిని మేము నిందింపము. పూర్వము అంగడివాని దయమీద ఒక్క పాట వినిచూచుటయే గొప్ప. నేడు పది ఆల్బములు తీరికగా విని, ఒక్కటి యేరుకొనవచ్చును. ఇది గొప్ప సౌకర్యము.

అయితే రెండు సంగతులు మరువరాదు. మొదటిది, నెలసరి సొమ్ము కట్టి వినుట అద్దెయింటివంటిది. సొమ్ము ఆపిన నాడు పాట ఆగును. పాటల హక్కుదారులకును, వినిపించువారికిని ఒప్పందము చెడిన నాడును మనకు ప్రియమైన పాట చెప్పకయే మాయమగును. రెండవది, ఒక పాట ముగియగనే ఫోను తనకు తోచిన మరియొక పాట నెత్తుకొనును. మనము కోరలేదు, అయినను వినుచుందుము. పూర్వము ఇంటి మగవారు ఏరినది విన్నాము. నేడు యంత్రము ఏరినది వినుచున్నాము. ఏరు అధికారము ఇల్లాలి చేతికి వచ్చినది చాల స్వల్పకాలమే. దానిని జారవిడువరాదని మా మనవి.

కావున వినుటకు అద్దె పాటలు చాలును; నిలుపుకొనవలసినవి మాత్రము కొనవలెను. ఏడాదికి నాలుగైదు ఆల్బములు చాలును. సి.డి. గానిండు, డబ్బిచ్చి దించుకొన్న పాట గానిండు, దానికి రెండవ ప్రతి యొకటి వేరొక చోట నుంచవలెను. 2017లో సారెగామా కంపెనీవారు పాత పాటలను నింపి అమ్మిన కారవాన్ వంటి పెట్టెలు చూపు తగ్గిన పెద్దలకు మిక్కిలి అనువైనవి. అవి కొనునప్పుడును లోపలి పాటల పట్టిక మొదట చదివి, తమకు కావలసినవి ఎన్ని యున్నవో లెక్కించుకొనవలెను. ఈ కంపెనీయే పూర్వము కుక్క గుర్తుతో గ్రామఫోను రికార్డులు అమ్మినది. అందుచేత పాత పాటలు వారివద్ద సమృద్ధిగా నున్నవి.

అటకమీద తాతలనాటి రికార్డులున్నవారికి, లేక పాతవి కొనదలచినవారికి కొన్ని మాటలు. కర్నూలు, కడప ఎండలు నలుబది డిగ్రీలు దాటునవి. రేకుల కప్పు క్రింద నుంచిన రికార్డు వేసవిలో అప్పడమువలె వంగును. చల్లని గదిలో, గోడకు దూరముగా, పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. ఒకదానిపై నొకటి పేర్చరాదు. కొనునప్పుడు దీపమునకు ఏటవాలుగా పట్టి గీతలు చూడవలెను. కంటికి సమముగా పట్టి వంపు చూడవలెను. లక్క రికార్డులను స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగిపోవును. మెత్తని పొడిగుడ్డ చాలును. 78 చుట్ల రికార్డు గాడి వెడల్పైనది. దీర్ఘకాలపు రికార్డు గాడి సన్ననిది. ఒకదాని ముల్లు వేరొకదానికి పెట్టినచో పాట చెడును, ముల్లును చెడును. పాతకాలపు ఉక్కుముల్లు ఒక్క వైపునకే పనికివచ్చును. రెండవ వైపునకు క్రొత్తది పెట్టవలెను.

అంగడిలో దొరకని ఆల్బము

కొనుటనుగూర్చి ఇంతదూరము వ్రాసిన పిమ్మట, కొనుటకు దొరకని దానినిగూర్చియు వ్రాయవలసియున్నది. మన సీమ స్త్రీల నోట లాలిపాటలు గలవు, అప్పగింతపాటలు గలవు, గొబ్బిపాటలు గలవు, విసురురాయి పాటలు గలవు, పెండ్లిలో వియ్యాలవారిని ఎగతాళి చేయు పాటలు గలవు, మంగళహారతులు గలవు. వీనిలో పదింట ఒకటి యైనను ఏ కంపెనీవారి పట్టికలోను లేదు. విసురురాయి మూలబడినది, పాటయు దానితో మూలబడినది. పెండ్లిలో పెట్టె పాట మ్రోగుచుండగా ముసలమ్మ గొంతు విప్పుటకు సిగ్గుపడును. మనము కొని తెచ్చిన పాటయే మన యింటి పాట నోరు మూయించుచున్నదా యని ఒక్కసారి ఆలోచింపవలెను.

రెండువందల యేండ్లకు పూర్వము, 1820లో, సి. పి. బ్రౌను దొర కడపకు వచ్చినాడు. తెలుగు గ్రంథములు తాటాకులలో శిథిలమగుచుండుట చూచి, కడపలో బంగళా కొని, పండితులకు జీతము లిచ్చి, ప్రతులు సేకరించి, వ్రాయించి, సరిచూపించినాడు. వేమన పద్యములను 1829లో అచ్చువేయించినాడు. తెలుగు పుట్టుకతో రానివాడు అంత పని చేసెను. ఆయనకు కావలసివచ్చినవి బంగళాయు, జీతములును. మనకు కావలసినది చేతిలో నున్న ఫోను ఒక్కటియే.

పని మిక్కిలి సులభము. మధ్యాహ్నము వీధి సద్దుమణిగిన వేళ చూచి, పంకా ఆపి, కిటికీ మూసి, ఫోనును అవ్వకు మూరెడు దూరమున మెత్తని గుడ్డపై నుంచవలెను. ముందుగా ఆమె పేరు, ఊరు, ఆ పాట యెవరివద్ద నేర్చుకొన్నది, ఏ సందర్భమున పాడుదురో ఆమె నోటనే చెప్పింపవలెను. గౌహర్ జాన్ పాట చివర తన పేరు చెప్పినది గదా! మన అవ్వ తన పేరు పాటకు ముందే చెప్పును, భేద మంతియే. పిమ్మట తొందరపెట్టక పాడనీయవలెను. మధ్యలో మరచి ఆగినను యంత్రము ఆపరాదు. ఆమెయే తలచుకొని అందుకొనును. పాడిన పిమ్మట మాటలను కాగితముపై వ్రాసి, అర్థము తెలియని పదములను ఆమెనే అడిగి ప్రక్కన వ్రాయవలెను. కర్నూలువైపు మాటకు కడపవైపు అర్థము వేరుగా నుండవచ్చును. దానిని మన యిచ్చ వచ్చినట్లు దిద్దరాదు. ప్రతులు రెండు చేసి ఒకటి ఆడుపడుచుకో, చెల్లెలికో ఇచ్చియుంచవలెను.

అవ్వ వద్దన్నచో బలవంతము చేయరాదు. “నా గొంతు ఇప్పుడు బాగులేదమ్మా” అని చాలమంది అందురు. “మీ గొంతు కాదు, అత్తమ్మా, మాకు మాట కావలెను” అన్న ఒప్పుకొందురు. మాటతో గొంతును తానే వచ్చును. ఆ పాటను నలుగురికి పంపదలచినచో ముందుగా ఆమె యనుమతి యడుగుట మర్యాద.

సోదరీమణులారా! తాళ్ళపాకవారి పాట నాలుగువందల యేండ్లు చీకటిగదిలో నున్నను చెడక మనకు దక్కినది. ఏలయన అది రాగిపై చెక్కబడినది. మన అవ్వల పాట రాగిపై లేదు, లక్కపై లేదు, వారి జ్ఞాపకములో నున్నది. కొనదగిన పాటను కవి పేరు, స్వరకర్త పేరు, గాయకుని పేరు చూచి కొనుడు. నిలుపదగిన పాటను ఈ నెలలోనే, ఒక్కటి యైనను, పట్టి యుంచుడు. వచ్చు ఉగాదికి మన యిండ్లలో కొన్న ఆల్బములు రెండును, మనమే కూర్చుకొన్న ఆల్బము ఒక్కటియు నుండినచో, ఆ యింట పెరుగు పిల్లలకు పాట విషయమున ఏ కొరతయు నుండదు.